తాకా కోసినోళ్లదే డ్యామేజీ

ఏళ్ల తరబడి ఒక విషయం మోస్తున్నాను. బరువు అని రాయబోయి ఆగాను. బరువు మోసేవాళ్లకు నడుము వంగుతుంది, ఎవరో ఒకరు చూసి కాస్త చెయ్యి వేస్తారు. నాకేం వంగలేదు. కడుపునిండా తిన్నాను, కంటినిండా నిద్రపోయాను, పీహెచ్‌డీ తెచ్చుకున్నాను, పేరు ముందు డాక్టర్ అని తగిలించుకున్నాను. రోత ఏమిటంటే, ఇప్పుడు నేనొక కాలేజీలో పిల్లలకు ప్రయోగం నిజాయితీగా చేయడం ఎలాగో పాఠం చెబుతున్నాను. వాళ్లు శ్రద్ధగా రాసుకుంటారు కూడా.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఈ రాత అవసరం ఉండేది కాదు. చదువుతూ చదువుతూ ఎక్కడైనా నా మీద జాలి కలిగితే దయచేసి దాన్ని మీ దగ్గరే ఉంచుకోండి. దానికి నేను తగను, నాకు అక్కర్లేదు కూడా.

మాది కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చిన నేత కుటుంబం. నేను గోడాదరాలో పుట్టి పెరిగాను. మా నాన్న పవర్‌లూమ్ మీద రాత్రి షిఫ్టు చేసేవాడు. అదే మగ్గం మీద పగలు ఇంకొకాయన. మగ్గం మీద నుంచి కోసి దించే గుడ్డ చుట్టను ఇక్కడ తాకా అంటారు. తాకా నిండడానికి ఇద్దరి చెమటా పడుతుంది, కానీ కోసి దించేది ఒక్కరే. లోపం కనబడితే శేఠ్ అడిగేది ఆ కోసినవాణ్నే. తాకా కోసినోళ్లదే డ్యామేజీ. కార్ఖానాలో అది రివాజు.

మా నాన్న ఒకసారి బాబిన్ అయిపోతే, లేచి వెళ్లడానికి బద్ధకించి, పక్కన పడున్న వేరే లాటు దారం ఎక్కించాడు. మగ్గం మీద రెండూ తెల్లగానే ఉంటాయి, దేవుడొచ్చినా తేడా పట్టలేడు. రంగు వేసే మిల్లుకు వెళ్లాక గుడ్డకు అడ్డంగా చార తేలుతుంది. అందుకని ఆయన తెల్లవారే లోపు తాకా కోయకుండా, ఇంకాస్త ఉందంటూ పగటాయనకు వదిలేసి ఇంటికొచ్చాడు. తిట్లు పగటాయన తిన్నాడు. మా నాన్న ఈ కథ అన్నం తింటూ చెబితే మేమందరం నవ్వాం. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను. మా నాన్న తెలివి నాకు అంత ముద్దొచ్చింది.

ఆ నవ్వు సంగతి ఎందుకు ముందు చెప్పానంటే, తర్వాత నేను చేసింది అచ్చం అదే. ఆయన బడి మొహం చూడనివాడు. నేను సూక్ష్మజీవశాస్త్రంలో మొదటి ర్యాంకు.

సూరత్‌లోనే ఒక ప్రైవేటు పరిశోధన సంస్థలో చేరాను. దాని పేరు రాయను. మా పని వైరస్‌లతో. భయపడకండి, రోగం తెచ్చేవి కావు. వైరస్‌కు కణంలోకి దూరడం బాగా తెలుసు. దానిలోని సొంత సరుకు తీసేసి, మనకు కావలసిన చిన్న సందేశం పెట్టి పంపితే, అది కణంలోకి వెళ్లి ఫలానా జన్యువు పని ఆపేస్తుంది. ఆ జన్యువు ఆగితే కణం ఏం చేస్తుందో చూస్తాం. దాన్నిబట్టి ఆ జన్యువు దేనికి పనికొస్తుందో తెలుస్తుంది. మేమిద్దరం దాన్ని తెలుగులో 'జీన్ బంద్ చేయడం' అనుకునేవాళ్లం.

ఇద్దరం అంటే నేనూ, స్వరూపా. స్వరూప ఉధ్నా అమ్మాయి. మా ఇంటిలాంటి ఇల్లే. నాకంటే చిన్నది, నన్ను అక్కా అనేది. వాళ్ల నాన్న మగ్గాల మీద పనిచేసి దగ్గు తెచ్చుకున్నాడు. మగ్గాల దుమ్ము తగిలినప్పుడు ఊపిరితిత్తుల కణాలు మచ్చలు కట్టుకుంటూ పోతాయనీ, ఆ మచ్చ కట్టమని చెప్పే జన్యువు ఒకటి ఉందనీ ఆమె అనుమానం. దాన్ని ఆపితే మచ్చ ఆగుతుందా? ఇదే ఆమె పీహెచ్‌డీ. అది తనంతట తాను ఆలోచించి, మా గైడ్ సార్‌తో పోట్లాడి ఒప్పించుకున్న ప్రశ్న. ఆ ల్యాబ్‌లో సొంత ప్రశ్న ఉన్నది ఆమెకొక్కదానికే. మిగతా మేమందరం సార్ పడేసిన ముక్కలు నములుతుండేవాళ్లం.

అసూయా? ఉంది. కానీ అసూయతో చేశానని చెప్పుకుంటే కనీసం ఒక కారణం ఉన్నట్టవుతుంది. నాకు ఆ గౌరవం కూడా లేదు.

స్వరూపకొక అలవాటు ఉండేది. ఏదైనా సరే, 'జర ఇంకోసారి చూద్దాం' అనేది. తాళం వేసి మళ్లీ లాగి చూసేది. సరిగ్గా వచ్చిన లెక్కను మళ్లీ వేసేది. నాకు ఒళ్లు మండేది. ఇంత అనుమానం ఉన్నది సైన్సు ఏం చేస్తుందిలే అనుకునేదాన్ని. చూశారా నా తెలివి.

పని ఇద్దరం పంచుకున్నాం. కణాలకు వైరస్ ఎక్కించడం, జన్యువు నిజంగా ఆగిందో లేదో పరీక్షించడం నా వంతు. ఆ కణాలను తీసుకుని, దుమ్ము తగిలించి, మచ్చ కడుతున్నాయో లేదో చూడడం ఆమె వంతు. వైరస్ రెండు రకాలు. ఒకటి అసలుది, జన్యువును ఆపేది. రెండోది ఉత్తది, ఏ జన్యువునూ ముట్టుకోని అర్థంలేని సందేశం మోసేది. పోల్చి చూడడానికి ఆ ఉత్తది కావాలి. ఏ తేడా వచ్చినా అది జన్యువు ఆగడం వల్లేనని, వైరస్ దూరడం వల్ల కాదని తేల్చేది ఆ ఉత్తదే.

ఒక శనివారం అసలు వైరస్ ట్యూబుల డబ్బాను డీప్ ఫ్రీజర్ లోంచి తీసి బల్ల మీద పెట్టాను. ఒక్క ట్యూబు తీసుకుని మిగతావి వెంటనే లోపల పెట్టేయాలి. అంతలో సార్ పిలిచారు. సంస్థకు విరాళం ఇస్తారని ఆశపడుతున్న బట్టల వ్యాపారులు కొందరు చూడడానికి వచ్చారట. నాకు గుజరాతీ వచ్చు. పైగా మగ్గం పనివాడి కూతుర్ని. సార్‌కు ఇంతకంటే మంచి ప్రదర్శన వస్తువు ఎక్కడ దొరుకుతుంది? నన్ను ముందు నిలబెట్టి, ఈ అమ్మాయి చేతులు బంగారం అన్నారు. వ్యాపారులు చప్పట్లు కొట్టారు. ఒకాయన మా నాన్న ఏ కార్ఖానాలో పనిచేస్తాడని అడిగి, తనకు తెలిసిన శేఠేనని మురిసిపోయాడు. నేనూ మురిశాను. నన్ను సంతలో గేదెను చూసినట్టు చూస్తుంటే, కొమ్ములకు రంగేశారు కదా అని సంతోషించాను. వాళ్లతోపాటే నవ్వుకుంటూ కిందికి దిగి, అట్నుంచి అటే ఇంటికి పోయాను.

సోమవారం వచ్చేసరికి డబ్బా బల్ల మీదే ఉంది. ఆదివారం ల్యాబ్‌లో ఏసీ కట్టేస్తారు. సూరత్ ఎండాకాలం మీకు తెలిసే ఉంటుంది. ట్యూబులు చేతికి వెచ్చగా తగిలాయి.

అప్పుడు ఒక్క మాట చాలు. స్వరూపా, తప్పయిపోయింది, వైరస్ పోయింది, మళ్లీ చేద్దాం. కొన్ని వారాల పని. ఆమె మొహం చిన్నబోయేది, తర్వాత నాతోపాటే కూర్చుని మళ్లీ చేసేది. సార్ అరిచేవారు. అంతే. కానీ మొన్న చప్పట్లు కొట్టించుకున్న బంగారు చేతులు కదా నావి. ఆ డబ్బాను ఎవరూ చూడకుండా ఫ్రీజర్‌లో పెట్టేశాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు.

చచ్చిన వైరస్‌నే కణాలకు పెట్టాను, ఏమో, పని చేస్తుందేమోనని. మా వైరస్‌లో ఒక మందును తట్టుకునే గుణం కూడా జోడించి ఉంటుంది. వైరస్ అందిన కణాలు ఆ మందు పోసినా బతుకుతాయి, అందనివి చస్తాయి. మందు పోశాను. అన్నీ చచ్చాయి. ప్లేటు అడుగున ఒక్కటీ అంటుకుని లేదు.

ఇక ఆ తర్వాతది పొరపాటు కాదు. అక్కడిదాకా పొరపాటు అనండి, మతిమరుపు అనండి, ఒప్పుకుంటాను. తర్వాత చేసింది పూర్తి తెలివితో చేశాను. ఉత్త వైరస్ డబ్బా ఫ్రీజర్‌లో భద్రంగా ఉంది. దాన్ని రెండు రకాల ప్లేట్లలోనూ పోశాను. 'అసలు' అని రాసిన ప్లేట్లలో ఉత్తదే, 'ఉత్తది' అని రాసిన ప్లేట్లలోనూ ఉత్తదే. ఈసారి మందుకు అన్నీ బతికాయి. మైక్రోస్కోపు కింద రెండూ ఒక్కలాగే, ఆరోగ్యంగా, నిండుగా ఉన్నాయి. రెండు లాట్ల దారం మగ్గం మీద తెల్లగా ఉన్నట్టే. జన్యువు ఆగిందని చూపించే పరీక్షకు, ముందొకసారి వైరస్ తాజాగా ఉన్నప్పుడు చేసిన చిన్న ట్రయల్‌లో మిగిలిన శాంపిల్ పెట్టాను. ఫలితం అద్దంలా వచ్చింది. సార్ మళ్లీ మెచ్చుకున్నారు.

ప్లేట్లు స్వరూపకు అప్పజెప్పాను. ఆమె నెలల తరబడి వాటితో కుస్తీ పట్టింది. దుమ్ము తగిలించినప్పుడల్లా రెండు రకాల కణాలూ ఒకే లెక్కన మచ్చ కట్టాయి. కట్టక ఏం చేస్తాయి? రెండూ ఒక్కటే కదా. ఆమె దుమ్ము మార్చింది, మోతాదు మార్చింది, రోజులు పెంచింది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పి అన్నం కలుపుకుని తినకుండా కూర్చునేది. నేను పక్కనే కూర్చుని, తిను స్వరూపా, ప్రయోగాలన్నాక ఇట్లనే ఉంటాయి అని చెప్పేదాన్ని. పైగా ఆమె తెచ్చిన పచ్చిపులుసు నేనే పోసుకునేదాన్ని.

కమిటీ ముందు ఫలితాలు చెప్పాల్సిన రోజు దగ్గరపడింది. వాళ్లు ఒప్పుకుంటేనే ఆమె ఫెలోషిప్ కొనసాగుతుంది. ఆ వారంలో ఒక పొద్దున ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"అక్కా, ఒకటి అడుగుత, ఏమనుకోవద్దు."

"ఏంది?"

"గీ ప్లేట్లల్ల జీన్ నిజంగ బంద్ అయిందా? జర ఇంకోసారి చూద్దామా? నా దగ్గర కణాలు ఇంకా ఉన్నయి."

"నేను చూసిన. రెండుసార్లు చూసిన. బంద్ అయింది."

"కాదక్కా, మధ్యల ఏమన్న అయ్యిందేమో, మల్ల తెరుసుకుందేమో అని."

"నీకు నా మీద నమ్మకం లేదా స్వరూపా? లేకుంటే ముఖం మీదనే చెప్పు. సార్ దగ్గర్కి పోదాం."

"అయ్యో, గట్ల కాదక్కా. తప్పయింది." గోరు గిల్లుకుంది. తర్వాత, "గట్లయితే నా ఆలోచననే తప్పు" అంది.

నేను అలిగినట్టు మొహం తిప్పుకున్నాను. ఆమె నాకు చాయ్ తెచ్చిపెట్టి, క్షమించమని అడిగింది. ఆ చాయ్ తాగాను. మరీ తీపి ఎక్కువైందని కూడా అన్నాను.

ఇక్కడ నన్ను నేను ఎన్నోసార్లు అడిగాను. అప్పుడెందుకు చెప్పలేదు? తలుపు తనే తీసి పట్టుకుంది కదా. 'చూద్దాం పద' అంటే చాలు, పరీక్షే నిజం చెప్పేది, నేను నోరు తెరవాల్సిన పని కూడా లేకుండా. భయమా? భయం కొంత. కానీ నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు కోపం వచ్చింది. నిజమైన కోపం. నన్ను అనుమానించడానికి దీనికెంత ధైర్యం అనిపించింది. దొంగకు కూడా ఇంత రోషం ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

కమిటీ ముందు ఆమె ఒక్కతే నిలబడింది. ప్రయోగం ఆమె పేరు మీద ఉంది, ఫలితం ఆమె చెప్పాలి. తెర మీద రెండు గీతలు, సమానంగా. వచ్చిన పెద్దమనుషుల్లో ఒకాయన, అమ్మా, మీ నాన్నగారు దగ్గుతారని ప్రపంచంలో ప్రతిదీ దుమ్ము వల్లే అనుకుంటే ఎలా అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. వాళ్లెవరూ జీవితంలో ఒక్క గంట మగ్గం పక్కన నిలబడినవాళ్లు కారు. సార్ ఆమెను కాపాడాల్సింది పోయి, నేను మొదటే చెప్పాను, ఇది కాస్త సెంటిమెంటల్ టాపిక్ అన్నారు. ఆయనకు ఎటు గాలి వీస్తే అటు తల తిప్పడం బాగా అలవాటు. నేను వెనక వరసలో కూర్చుని, అందరికీ పంచిన టిఫిను, ఖమణ్ తింటున్నాను. గొంతు దిగింది. బాగానే దిగింది.

స్వరూప ఒక్క మాట కూడా నా వైపు తోయలేదు. వైరస్ పని అక్కది, ఆమెను అడగండి అనొచ్చు. అనలేదు. తాకా ఆమె కోసింది, డ్యామేజీ ఆమె మీదకు పోయింది. వేరే టాపిక్ ఇస్తాం, సార్ చెప్పింది చెయ్యి అన్నారు. కొన్నాళ్లు చేసి మానేసింది. వెళ్లిపోయే రోజు నా కాళ్లకు దండం పెట్టబోతే, నేను పెద్దమనిషి తరహాలో భుజాలు పట్టుకుని లేపాను.

నేను మంచిదాన్ని కాను, సరే. మరి ఆమె ఆలోచన సరైనదేనా? నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. ఆ ప్రశ్నను ఎవరూ పరీక్షించనే లేదు. పరీక్షించి ఓడిపోయిందని అందరూ నమ్ముతున్నారు. నేను నా పీహెచ్‌డీ వేరే విషయం మీద చేసుకుని, కోటు మడతపెట్టుకుని బయటికి వచ్చాను. ఆ చచ్చిన వైరస్ డబ్బా ఎవరు పారేశారో కూడా తెలియదు.

ఇన్నేళ్లూ చెప్పనిది ఇప్పుడెందుకు చెబుతున్నాను? పశ్చాత్తాపం పొంగుకొచ్చి కాదు. ఈ మధ్య పర్వత్ పాటియా దగ్గర ఆటో కోసం నిలబడితే స్వరూప కనబడింది. కనబడగానే పక్కకు తప్పుకోబోయాను. ఆమే పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. వదల్లేదు. ఇప్పుడు దగ్గర్లోనే ఉంటున్నామని ఇంటికి లాక్కెళ్లింది.

ఇప్పుడు పిల్లలకు ట్యూషన్లు చెబుతోంది. ముందుగదిలో వాళ్ల నాన్న దిండ్లు ఆనించుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదట. పక్కన ఆక్సిజన్ సిలిండర్. నన్ను చూపించి ఆమె, నాన్నా, నేను చెప్పలేదా, ల్యాబ్‌ల నన్ను చెల్లె లెక్క చూసుకున్న అక్క, అని పరిచయం చేసింది. ఆయన మాట్లాడలేక రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

ఏమైందని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. ఆమె ల్యాబ్ మానేశాక ఆయన దగ్గు ముదిరితే ఒక డాక్టర్ టీబీ అన్నాడట. మందులు మింగించారట. కోర్సు అయిపోయింది, నయమైంది, పనికి పోవచ్చు అన్నాడట. ఆయన మళ్లీ అదే మగ్గం ఎక్కాడు, అదే దుమ్ములో. ఇంకో ఆసుపత్రికి పోయేసరికి చాలా ఆలస్యమైంది. టీబీ కానే కాదు, దుమ్ము జబ్బు అన్నారు, ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడిపోయాయి అన్నారు. ముందే తెలిసి మగ్గం మానేసి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదట.

నేను స్వరూప మొహం చూశాను. ఈ సంగతి అందరికంటే ముందు అనుమానించాల్సిన మనిషి ఆమె. నేను అడగకుండానే చెప్పింది, వాళ్ల నాన్నకు వినబడకుండా, వంటింట్లో చాయ్ వడగడుతూ.

"నాకు అనిపించిందక్కా, ఇది దుమ్ముదే అని. ఇంకోసారి చూపిద్దాం, ఇంకో డాక్టర్ను అడుగుదాం అని లోపల ఒకటే కొట్టుకుంది. మల్ల అనుకున్న, నా అనుమానాలు ఎప్పుడు నిజమైనయి గినుక? నువ్వు రెండుసార్లు చూసి చెప్తే కూడ నమ్మక అడిగిన కద. ఏమైంది? ఇజ్జత్ పోయింది. గందుకే ఊకున్న. ఇప్పుడు ఎవరు ఏం చెప్పినా మల్ల అడుగనక్కా. ఆ అలవాటు పోయింది."

నవ్వుతూ చెప్పింది. చెడ్డ అలవాటు మానిపించినందుకు నాకు కృతజ్ఞత చెబుతున్నట్టే చెప్పింది. చాయ్ గ్లాసు నా చేతికిచ్చింది. ఈసారి చక్కెర తక్కువ వేశానంది. ఇన్నేళ్లయినా గుర్తుపెట్టుకుంది.

అప్పుడైనా చెప్పానా? లేదు. ముందుగదిలో ఆయన దగ్గు వినబడుతోంది. నేను చాయ్ తాగి, అంతా మంచే జరుగుతుంది అని ఒక పనికిమాలిన మాట అని, ఆటో ఎక్కాను. ఉధ్నా దాటేవరకు నాకు ఆయన గురించి కాదు, నా గురించే భయం. ఎక్కడైనా మొహంలో కనబడిందేమోనని. ఇలాంటి మనిషిని మీరు ఇంతసేపూ వింటున్నారు.

మా నాన్న చేసిన పనికి ఒకాయన ఒకపూట తిట్లు తిన్నాడు. అంతటితో పోయింది. నేను పాడుచేసింది ఆమె పీహెచ్‌డీ అనే ఇన్నాళ్లూ అనుకున్నాను. దానికే పెద్ద పాపమని లోలోపల కాస్త గర్వంగా కూడా కుమిలాను. అది కాదు. ఆమెకున్న ఒక్క మంచి గుణాన్ని, ఇంకోసారి చూద్దామనే గుణాన్ని, చేతులారా చంపాను. అది పోయినందుకు ఇప్పుడు వాళ్ల నాన్న కూర్చునే నిద్రపోతున్నాడు.

ఇక్కడ కూడా నా పేరు రాయలేదు, గమనించే ఉంటారు. ఆమె పేరు మాత్రం మార్చి రాశాను. ఎవరికోసం మార్చానో మీరే అనుకోండి. ఇది రాస్తుంటే గుండె కాస్త తేలికైంది. ఆ తేలికను కూడా అసహ్యించుకుంటున్నాను, కానీ వద్దనడం లేదు. అది నా బుద్ధే. క్షమించమని మిమ్మల్ని అడగను, ఆమెను అడిగే అర్హత ఎలాగూ లేదు. ఆమె అడిగిన ప్రశ్న ఒకటి మాత్రం ఇంకా జవాబు లేకుండా నా బల్ల దగ్గరే నిలబడి ఉంది. అప్పుడు ఇవ్వాల్సిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఎన్నడైనా ఆమె కంటబడితే పడనీ.

బంద్ కాలే స్వరూపా. నేను చూడలే. నువ్వు అడిగిందే కరెక్ట్.